పట్టుకు మరక పడని మందు

పంటి నొప్పికి చిట్కాలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. దవడ మీద చెయ్యి పెట్టుకుంటే చాలు, ఊళ్ళో ప్రతివాళ్ళూ వైద్యులైపోతారు. ఆ మధ్య హిందూపురంలో మా బడి స్టాఫ్ రూములో టీ గ్లాసు పక్కన పెట్టి చెంప అదుముకున్నానో లేదో, అమరాపురం నుంచి రోజూ బస్సులో వచ్చే టీచరమ్మ "లవంగం పెట్టుకోండి మేడం" అంది. సోషల్ సారు జామాకు నమలమన్నాడు. ఇంకొకాయన ఉప్పు, ఇంగువ అంటూ మొదలుపెట్టాడు. పాపం, మంచి మనసుతోనే చెప్పారు. నేనే గయ్యిమన్నాను. "అవన్నీ మా ఇంట్లో ఎప్పుడో అయిపోయినాయి. వాటితోనే మా అమ్మ పోయింది" అన్నాను. సోషల్ సారు హాజరుపట్టీ తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయాడు.

నేనన్నది పూర్తిగా నిజం కాదు. లవంగంతో ఎవరూ చచ్చిపోరు. అమ్మను తీసుకుపోయిన మందు వేరు. కానీ ఆమె ఒక్క మెట్టూ వదలకుండా ఈ లవంగాలూ జామాకులూ అన్నీ అయ్యాకే ఆ మందు దగ్గరికి చేరింది. అందుకే నాకు వాటి పేరు విన్నా కోపం వస్తుంది.

ధర్మవరంలో మాది ఒకే మగ్గం ఉన్న ఇల్లు. నాయన మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీరలు నేసేవాడు. అమ్మ వార్పులు అతికేది. మగ్గం మీద నిలువు పోగులు అయిపోవచ్చినప్పుడు, వాటి కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే కలపడం ఆ పని. ముడి వేయకూడదు. వేళ్ళకు బూడిద అద్దుకుని రెండు కొసల్నీ మెలిపెట్టాలి. వెంట్రుక కంటే సన్నని పోగులు, వేలకు వేలు ఉంటాయి. మా ఇంట్లోనే కాదు, మా వీధిలో ఎవరి మగ్గానికి వార్పు అతకాలన్నా అమ్మకే కబురు వచ్చేది. చూపు కొంచెం మసకబారినా ఆ పని చేయలేరు. తన ఒంట్లో దేని గురించీ పట్టించుకోని మనిషికి కండ్ల గురించి మాత్రం చచ్చేంత భయం ఉండేది.

మిగిలిన పోగు కొసల్ని ఆమె కుడివైపు పండ్లతో పుటుక్కున కొరికేసేది. పక్కనే కత్తెర ఉన్నా ముట్టదు. "ఆ కత్తెరేం పాపం చేసిండాదే?" అని నాయన ఎగతాళి చేస్తే, "దాన్ని ఎతుక్కునే లోపల నేను పది పోగులు అతుకుతా" అనేది. చేతులు ఎంత ఆడితే నోరూ అంత ఆడేది. ఎవరింట్లో గొడవ, ఎవరి కోడలు అలిగింది, ఎవరు ముదిగుబ్బ సంతలో గొర్రెలు కొని మోసపోయారు, అన్నీ మగ్గం దగ్గర కూర్చునే తెలిసేవి. ఆమె వార్పు అతకడానికి వస్తోందంటే ఆ ఇంటి ఆడవాళ్ళు పనులు ముందే ముగించుకుని చుట్టూ చేరేవాళ్ళు. అంత మాటకారి.

తొంభైల మొదట్లో, నేను హైస్కూల్లో ఉండగా, అమ్మకు ఆ కుడివైపు కింది పన్ను నొప్పి మొదలైంది. దాంట్లో చిన్న గుంత పడింది. వేడి తగిలినా చల్లటిది తగిలినా ఎగిరిపడేది. నాయన "పీకిచ్చుకుందాం పామ్మే" అన్నాడు.

"పన్ను పీకితే కంటి నరం పోతుందంట. కండ్లు పోతే వార్పులు ఎవురు అతుకుతారు? నువ్వు అతుకుతావా?" అంది అమ్మ.

మా వీధిలో ఇది అందరూ నమ్మే మాట. పన్నుకూ కంటికీ ఒకటే నరమని, ఫలానా ఆమె పన్ను పీకించుకున్నాక సూదిలో దారం ఎక్కించలేకపోయిందని చెప్పుకునేవాళ్ళు. ఫలానా ఆమెకు అరవై ఏళ్ళు దాటాయన్న సంగతి ఎవరికీ పట్టదు. నేను నా సైన్సు పుస్తకం తెచ్చి పన్ను బొమ్మ చూపించి, కంటి దాకా ఏ నరమూ పోదని చెప్పాను. అమ్మ బొమ్మను శ్రద్ధగా చూసింది. "ఈ పుస్తకం రాసినోడు ఎప్పుడన్నా వార్పు అతికినాడా?" అంది. నేను పుస్తకం మూసేశాను.

అట్లా డాక్టరు మాట పక్కకు పోయి, అవ్వ వైద్యం మొదలైంది. అవ్వ అంటే అమ్మ వాళ్ళమ్మ. పెనుకొండలో కొండ కింద చిన్న ఇంట్లో ఒక్కతే ఉంటూ కూలికి శెనక్కాయలు వలిచేది. ధర్మవరంలో రైలెక్కితే పెనుకొండ ఎంతో దూరం లేదు. నొప్పి ఎక్కువైనప్పుడల్లా అమ్మ ఆ రైలెక్కేది. నేనూ వెంటపోయేదాన్ని. అవ్వ మమ్మల్ని చూడగానే కొండ వాలులోకి పోయి ఒడినిండా ఏవేవో కోసుకొచ్చేది. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించమనేది. జామాకుల కషాయం కాచేది. ఇంగువ వేడి చేసి పంటి గుంతలో పెట్టేది. ఉత్తరేణి వేరుతో తోమించేది. అవన్నీ పనిచేయలేదని చెప్పను. అన్నీ పనిచేశాయి, కొంచెం కొంచెం. అదే మా ఖర్మ. ఒక్కటైనా పూర్తిగా విఫలమై ఉంటే ఆ మనిషి బాధ ఓర్చుకోలేక అప్పుడే డాక్టరు దగ్గరికి పరుగెత్తేది.

ఒకసారి వాకుడు గింజల పొగ కూడా పట్టించింది. ఎర్రగా కాల్చిన గరిటెలో ఎండిన వాకుడు గింజలు వేసి, ఆముదం చుక్కలు చల్లి, పైన చిల్లున్న కుండ బోర్లించింది. ఆ చిల్లులోంచి వచ్చే పొగను బొప్పాయి ఆకు కాడతో అమ్మ నోట్లోకి పట్టించింది. కండ్లలో నీళ్ళు ధారలు కట్టాయి. కింద పెట్టిన పళ్ళెం నీళ్ళలో సన్నగా తెల్లగా ఏవో తేలాయి. "సూడు, పురుగులు పడినాయి" అంది అవ్వ గెలిచిన దానిలాగా. నేను ఊరుకోలేక ఒక వాకుడు గింజను గోటితో చీల్చాను. లోపల అదే తెల్లటి ముక్క ఉంది. అవ్వకు చూపించాను. "అయితే దాంట్లోకీ పురుగు దూరిండాదన్నమాట" అంది. అమ్మ ఆ నొప్పిలోనూ నవ్వింది. అమ్మ నవ్వితే పండ్లన్నీ కనిపించేవి. నాకు ఆ నవ్వు బాగా గుర్తుంది.

తర్వాత లవంగ నూనె వచ్చింది. మందుల షాపులో చిన్న సీసా కొన్నాం. దూదికి అద్ది పంటి గుంతలో కుక్కితే నిమిషంలో మొద్దుబారేది. ఇంక బతికిపోయాననుకుంది అమ్మ. దూది నోట్లో పెట్టుకునే వార్పు అతకడానికి కూర్చుంది. సంపెంగ రంగు వార్పు, పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు ప్రత్యేకంగా ఇచ్చింది. అలవాటుగా మాట్లాడుతూనే ఉంది. ఏదో మాటకు పగలబడి నవ్వింది. నూనె కలిసిన ఎంగిలి జారి పోగుల మీద పడింది.

పట్టు మీద నూనె మరక పోదు. మగ్గం మీదున్న వార్పును ఉతకడం కుదరదు. అమ్మ పాతగుడ్డతో అద్దేకొద్దీ మరక ఇంకా పాకింది.  నాయన గుంటలోంచి లేచి వాకిట్లో తలపట్టుకుని కూర్చున్నాడు. షావుకారు మనిషి వచ్చి, వంగి చూసి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ వార్పుతో నేసిన చీర మా ఇంట్లోనే మిగిలిపోయింది. నేసేవాళ్ళ ఇంట్లో పట్టుచీర మిగలడం నేను చూడటం అదే మొదలు.

ఆ రోజు నుంచి అమ్మ మగ్గం దగ్గర నోట్లో తడిమందు ఏదీ పెట్టలేదు. నూనె వద్దు. పసుపు చేతికి అంటుతుంది, వద్దు. కషాయం పుక్కిలించాలంటే మాటిమాటికీ లేవాలి, తడి చేతులతో పోగు ముట్టకూడదు, వద్దు. నొప్పికి మందు ఏదైనా ఉంటే అది పొడిగా ఉండాలి, చేతులకు పని పెట్టకూడదు, పట్టుకు మరక చేయకూడదు. ఇన్ని పేచీలు పెట్టుకుని పెనుకొండకు పోతే, అవ్వ కాసేపు ఆలోచించి తన నడుముకున్న సంచిలోంచి చిన్న రేకు డబ్బా తీసింది.

అందులో ఉన్నది నశ్యం. అవ్వ ముక్కుతో పీల్చేది కాదు, చిటికెడు తీసుకుని కింది పెదవి లోపల పెట్టుకునేది. ఆ వైపు ముసలమ్మలు చాలామంది అట్లా పెట్టుకుంటారు. దాన్ని ఎవరూ పొగాకు అనుకోరు, పండ్లకు మంచిదనుకుంటారు.

"నా పండ్లు సూడు, రాళ్ళు మాదిరి ఉండాయి. చిన్నప్పటి నుంచి ఏస్తాండా. చిటికెడు అదిమిపెట్టి నోరు మూసుకోమ్మే. పొడి పొడిగా ఉంటాది. నీ పట్టుకు ఏమీ గాదు" అంది అవ్వ.

నిజంగానే పట్టుకు ఏమీ కాలేదు. అమ్మే తల తిరిగి రెండు రోజులు వాంతులు చేసుకుంది. తర్వాత అలవాటైంది. నొప్పి మొద్దుబారింది. వార్పులు మళ్ళీ నున్నగా అతికింది. నోటితో పోగులు కొరికితే మరక పడుతుందని కత్తెర ఒకటి దారం కట్టి మెడలో వేసుకుంది. నాయన దాన్ని చూసి సంబరపడ్డాడు. "ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది. పండ్లు నిలబెట్టుకుంటాండాది" అన్నాడు.

కానీ నశ్యం నోట్లో ఉంటే మాట్లాడలేరు. పెదవి కదిలితే పొడి చెదిరిపోతుంది, ఎంగిలి కారుతుంది. అమ్మ మాట్లాడడం మానేసింది. ఏదడిగినా "ఊ", లేకపోతే "ఊహూ". ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కొన్నాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఆమె నోరు విప్పదు, నవ్వదు. ఒక్కొక్కరే రావడం తగ్గించారు. నేను డిగ్రీ చదివినన్నాళ్ళూ, బీఎడ్ చేసినన్నాళ్ళూ మా ఇంట్లో మగ్గం చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు. ఆమెకు జబ్బు చేసి మాట పోయిందని అందరూ అనుకుంటారు. అంతకు ముందు చాలా ఏళ్ళ నుంచే మాకు ఆమె మాట లేదు. 

రెండువేల సంవత్సరం దాటాక నాకు హిందూపురంలో ఉద్యోగం వచ్చింది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు చూస్తే, అమ్మ సంగటి ముద్దను బఠాణీ గింజంత చేసుకుని నోట్లో వేసుకుంటోంది. నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు. చెంప లోపల పుండు, ఎన్నాళ్ళయినా మానదు. అందరం పన్నే అనుకున్నాం. పన్ను కుళ్ళి చెంపను పొడుస్తోందని, పీకేస్తే పుండు మానుతుందని అనుకున్నాం. అమ్మ కూడా చివరికి ఒప్పుకుంది.

"కండ్లు పోతే పోనీలే. కూడు తినాల గదా. పీకిచ్చుకుంటా" అంది.

పెద్ద డాక్టరు దగ్గరికి పోతున్నామని, పెట్టె అడుగునున్న ఆ సంపెంగ రంగు చీర కట్టుకుంది. మరకలు కుచ్చిళ్ళ లోపలికి పోయేటట్టు జాగ్రత్తగా సర్దుకుంది. రైల్లో హిందూపురం దాకా కిటికీ పక్కన కూర్చుని, దూరంగా ఉన్న బోర్డులను ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చదువుతూ వచ్చింది. "ఏం చేస్తాండావు?" అంటే, "ఇప్పుడెంత కనపడుతుందో చూసుకుంటాండా. పీకినాక తెలియాల గదా" అంది.

డాక్టరు కుర్రాడే. టార్చిలైటు వేసి, నోరు తెరుచుకున్నంత మేర చూశాడు. చెంప కింద, మెడ దగ్గర వేళ్ళతో తడిమాడు. చేతిలో ఉన్న పనిముట్టును మెల్లగా ట్రేలో పెట్టేశాడు.

"ఏం వాడుతున్నారమ్మా ఇన్నాళ్ళూ?" అన్నాడు.

అమ్మ వరసగా చెప్పింది. ఉప్పునీళ్ళు, జామాకు, ఇంగువ, ఉత్తరేణి, వాకుడు పొగ, లవంగ నూనె. చాలా రోజుల తర్వాత ఆమె అన్ని మాటలు కలిపి మాట్లాడటం అదే. చదువుకున్నాయన ముందు తన వైద్యం చెప్పుకుంటున్నానన్న గర్వం కూడా ఉంది ఆమె గొంతులో. అన్నీ అయ్యాక, "ఇప్పుడు నశ్యం ఒకటే సార్. దాంతో బాగుండాది" అంది.

ఆయన నా వైపు చూశాడు. నాకు అర్థమైంది.

"పన్ను పెద్ద సమస్య కాదమ్మా. ఆ గుంత అప్పుడే పూడ్పించుకుని ఉంటే సరిపోయేది. బెంగుళూరుకు పోండి, చీటీ రాసిస్తాను" అన్నాడు.

"పన్ను పీకరా సార్? కండ్లు పోయినా ఏమనుకోను" అంది అమ్మ.

"పన్ను పీకితే కండ్లు ఎందుకు పోతాయమ్మా?" అన్నాడాయన. ఎగతాళిగా అనలేదు. నిజంగా అర్థంకాకే అడిగాడు. అమ్మ నా మొహంలోకి చూసింది. సైన్సు పుస్తకం సంగతి ఆమెకు గుర్తొచ్చిందో లేదో నేను అడగలేదు.

తిరుగు రైలు పెనుకొండలో ఆగింది. ఎప్పుడూ దిగే స్టేషను. అమ్మ దిగలేదు, ఫ్లాట్‌ఫారం వైపు చూడలేదు. అప్పటికి ఆమెకూ అంతా తెలిసిపోయింది. నశ్యం మాట వినగానే డాక్టరు నా వైపు చూడటం ఆమె కూడా గమనించింది. రైలు కదిలాక నా చెయ్యి పట్టుకుని "మీ అవ్వకు చెప్పొద్దు. నశ్యంతో అయిందని ఎవురూ చెప్పొద్దు. మాయమ్మ తట్టుకోలేదు" అంది.

బెంగుళూరులో దవడ ఎముక కొంత తీసేశారు. కరెంటు అని రేడియేషను పెట్టారు. చెంప నల్లగా కమిలిపోయింది. తగ్గిందన్నారు, మళ్ళీ వచ్చిందన్నారు. ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అన్నాళ్ళూ అవ్వకు పన్ను సెప్టిక్ అయిందనే చెప్పాం. ఆమె ధర్మవరానికి ఎవరు వస్తున్నా వాళ్ళ చేతికి ఎండిన జామాకులు, గుడ్డలో కట్టిన లవంగాలు ఇచ్చి పంపేది. ఒకసారి ఆ మూటలో కొత్త నశ్యం డబ్బా కూడా వచ్చింది. దాన్ని తీసుకుపోయి మోరీలో పారేశాను.

చివరి రోజుల్లో అమ్మ మాట పూర్తిగా పోయింది. నొప్పికి ఇచ్చిన మాత్రలు పనిచేయడం లేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలుపుతూ పెదవి దగ్గరికి తెచ్చేది. వార్పు అతుకుతున్నట్టు చేస్తోందని మొదట అనుకున్నాం. నశ్యం అడుగుతోందని తర్వాత అర్థమైంది. నేను బయటికి వచ్చేశాను. నాయన జన్మలో ముట్టనివాడు, అంగడికి పోయి కొనుక్కొచ్చాడు. "ఇంక వద్దని ఏం చేసేదుండాదబ్బా" అని, తన వేలితోనే, మిగిలిన పెదవి లోపల పెట్టాడు. ఆమె కండ్లు మూసుకుని పడుకుంది. ఆ కండ్లు చివరిదాకా బాగానే ఉన్నాయి. గోడకున్న క్యాలెండరులో చిన్న అక్షరాలు కూడా కనబడేవి ఆమెకు.

అమ్మ పోయాక నాయన వార్పు అతికించుకోవడానికి ఎవరినీ పిలవలేదు. మగ్గం అమ్మేశాడు.

స్టాఫ్ రూములో అందరి మీదా అరిచిన ఆ శనివారమే నేను పెనుకొండకు పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. పన్ను నొస్తే ఆ స్టేషనులో దిగడం అలవాటు కాబోలు. అవ్వ వాకిట్లో కూర్చుని చేటలో శెనక్కాయలు పోసుకుని వలుస్తోంది. బాగా వంగిపోయింది. పండ్లు మాత్రం ఇంకా రాళ్ళలాగే ఉన్నాయి.

"యాడ నొస్తాండాది?" అంది, నేను చెప్పకముందే.

నేను చెంప చూపించాను. ఆమె చెయ్యి అలవాటుగా నడుముకున్న సంచిలోకి పోయింది. అక్కడే ఆగింది. మళ్ళీ ఖాళీగా బయటికి వచ్చింది.

"డాక్టరు తావకి పో పాపా. నా తావ మందేమీ ల్యా."

పుట్టి బుద్ధెరిగాక అవ్వ నోట ఆ మాట వినలేదు. నేను ఆమె మొహం చూశాను. ఆమె కాయలు వలుస్తూనే ఉంది.

"పోయినేడు ఆస్పత్రి నర్సమ్మ మా వీధికి వచ్చినాది. ముసిలోళ్ళందరినీ కూచోబెట్టి పటం చూపిచ్చె. నశ్యం ఏస్తే నోరు ఇట్లయితుంది అని. ఆ పటంలో ఉండేది అచ్చం, సావు దినం నేను చూసిన మీ అమ్మ నోరే" అంది.

 అది పన్ను సెప్టిక్కే అవ్వా, నశ్యం కాదు అన్నాను. ఆమె వినిపించుకోలేదు. సంచిలోంచి డబ్బా తీసి, మూత తిప్పి, చిటికెడు కాదు, రెండు వేళ్ళ నిండా తీసుకుంది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"తెలిసినాక కూడా ఎందుకవ్వా ఇది?"

ఆమె నా చెయ్యి విడిపించుకుని, ఆ పొడినంతా పెదవి లోపల అదిమిపెట్టుకుంది.

"ఇచ్చిన చెయ్యి నాది. మీ అమ్మను తీసకపాయ. పొద్దనకా మాపనకా ఏస్తాండా, నన్ను మాత్రం ఏమీ చేయకుండాదే పాపా" అని, నోరు మూసుకుని కాయలు వలుచుకుంటూ కూర్చుంది.